అపరిచితుని మందలించవచ్చునా? పుదుచ్చేరి యాత్రికులు, వినయ పిటకంలోని చోదన నియమాలు

పుదుచ్చేరి సముద్రతీర రహదారిలో సాయంకాలమయ్యేసరికి వాహనాల రాకపోకలు నిలిపివేస్తారు. తెల్లవారేదాకా ఆ దారి నడిచేవారిది. గాంధీ విగ్రహం చుట్టూ నిలిచిన పాత రాతి స్తంభాల మధ్య పిల్లలు ఆడుకుంటారు. పెద్దలు అలలకు అడ్డుగా పోసిన నల్లరాళ్ళ వైపు తిరిగి కూర్చుంటారు. అటువంటి వేళ నలుగురైదుగురు యువకులు గట్టు మీద స్పీకరు పెట్టి సినిమా పాటలు మోగిస్తారు. పక్కనున్న వృద్ధ దంపతులు కొంతసేపు చూసి, లేచి మరొక చోటికి వెళ్ళిపోతారు. మూడు రోజుల సెలవు మీద వచ్చిన యాత్రికుడొకడు ఇదంతా గమనిస్తూ ఉంటాడు. చెప్పాలా, ఊరుకోవాలా? రేపు ఈ వేళకు తానూ అక్కడ ఉండడు, ఆ యువకులూ ఉండరు. ఆ ఊరు వారిలో ఎవరిదీ కాదు.

ప్రశ్న చిన్నదే. అయితే ప్రాచీన బౌద్ధ సంఘం దీనిని చిన్నదిగా ఎంచలేదు. నిత్యం ఊరి నుంచి ఊరికి నడిచే భిక్షువులు, ముక్కూమొహమూ తెలియని వారితో ఒకే ఆరామంలో తలదాచుకొనేవారు. అక్కడ గొడవచేసే వానికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నది వారికి రోజువారీ సమస్య. వినయ పిటకంలో దానికి ఏర్పడిన నియమాలు నేటి యాత్రాస్థలానికి ఎంతవరకు వర్తిస్తాయో పరిశీలించదగినది.

మజ్ఝిమ నికాయంలోని చాతుమ సుత్తం ఈ సందర్భంలో మొదట గుర్తుకు వస్తుంది. శాక్యుల ఊరైన చాతుమ సమీపాన ఉసిరి వనంలో బుద్ధుడు ఉండగా, శారిపుత్ర మౌద్గల్యాయనుల వెంట ఐదువందల మంది భిక్షువులు వచ్చారు. అక్కడివారిని పలకరిస్తూ, పడకలు సర్దుకుంటూ, పాత్రలూ చీవరాలూ దింపుకుంటూ పెద్ద సందడి చేశారు. జాలరులు చేపల కోసం అరచుకుంటున్నట్లుందని బుద్ధుడు ఆ గోలను పోల్చాడు. వచ్చినవారిని వెంటనే వెళ్ళిపొమ్మన్నాడు. సముద్రతీర పట్టణంలో ఉండేవారికి ఆ పోలిక ఎంత సరిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

కథ అక్కడ ముగియదు. చాతుమ శాక్యులు, ఆపై బ్రహ్మ సహంపతి కలుగజేసుకొని, కొత్తగా దీక్ష పొందినవారు నీరందని లేత మొలకల వంటివారని విన్నవించుకోగా బుద్ధుడు మెత్తబడ్డాడు. అప్పుడు ఇద్దరు అగ్రశిష్యులను, సంఘాన్ని పంపివేసినపుడు మీకేమనిపించిందని అడిగాడు. ఇక భగవానుడు ప్రశాంతంగా ఉంటాడు, మనమూ ప్రశాంతంగా ఉందామనుకున్నానన్నాడు శారిపుత్రుడు. అటువంటి ఆలోచన మరెన్నడూ రానివ్వవద్దని బుద్ధుడు ఆయనను వారించాడు. సంఘ బాధ్యతను తానూ శారిపుత్రుడూ వహించాలనుకున్నట్లు చెప్పిన మౌద్గల్యాయనుని మెచ్చుకున్నాడు. అంటే గోల చేసినవారికే కాదు, గోలకు దూరంగా తన ప్రశాంతతను తాను చూసుకోదలచిన వానికి సైతం ఆ రోజు మందలింపు దక్కింది. తప్పును చూచీ చూడనట్లు పోవడమే ధర్మమని బౌద్ధాన్ని అర్థం చేసుకొనేవారు ఈ ఘట్టాన్ని మరొకసారి చదవడం మంచిది.

అయితే చెప్పే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? వినయ పిటకంలోని మహావగ్గంలో, ఉపోసథ ప్రకరణంలో, దీనికి సూటి సమాధానం ఉంది. ఒక భిక్షువు తప్పును ఎత్తిచూపదలచిన వాడు ముందుగా అతని నుంచి ‘ఓకాసం’ తీసుకోవాలి. మన అవకాశం అన్న మాటకు అది పాళీ రూపం. నీతో ఒక మాట చెప్పదలచాను, అవకాశమిస్తావా అని అడిగిన తర్వాతనే విషయం ఎత్తాలి. అలా అడిగి చెప్పినప్పటికీ ఛబ్బగ్గియ భిక్షువులు పగబట్టి కొడతామని బెదిరించారట. దాంతో మరొక నియమం చేరింది. అవకాశం లభించిన తర్వాత సైతం ఎదుటివాడు ఎటువంటివాడో తూచి చూచుకొనే మాట్లాడాలి. ఆ తర్వాత అదే ఛబ్బగ్గియులు ఏ తప్పూ చేయని భిక్షువులను తామే ముందుగా వెళ్ళి అవకాశమడగసాగారు. అందువల్ల అవకాశం ఇచ్చేవాడు సైతం అడిగేవానిని తూచి చూడవలసి వచ్చింది. నియమాల వెనుక ఇంతటి లోకానుభవం ఉండడం ముచ్చటగొలుపుతుంది.

వర్షావాసం చివర జరిగే పవారణకు ఆధారం ఇదే. చూచినది గాని, విన్నది గాని, శంకించినది గాని ఉంటే చెప్పమని ప్రతి భిక్షువూ సంఘాన్ని తానే కోరుతాడు. సంఘంలో మందలింపు అనేది ముందే ఇచ్చుకున్న అంగీకారం మీద నిలిచిన వ్యవహారం.

సముద్రతీరంలో పాటలు పెట్టిన యువకులు ఎవరికీ పవారణ చేయలేదు. సంఘానికీ సెలవుల గుంపుకూ గల అసలు భేదం ఇక్కడే ఉంది. అపరిచితునికి మనమిచ్చే సలహాను స్వీకరించే బాధ్యత లేదు. కాబట్టి అపరిచితుల మధ్య ఓకాసం మరింత అవసరమే గాని తక్కువ కాదు. “ఆ శబ్దం తగ్గించండి” అనే మాటకూ, “ఒక్క మాట చెప్పవచ్చునా?” అని అడిగి ఆగడానికీ మధ్య గల దూరం ప్రయోగించి చూచినవారికి తెలుస్తుంది. రెండవది ఎదుటివానికి ఒక క్షణం వ్యవధి ఇస్తుంది. చాలా సందర్భాల్లో ఆ క్షణంలోనే అతని చేయి స్పీకరు మీదికి పోతుంది.

చెప్పదలచినవాడు పాటించవలసిన ఐదింటిని చుల్లవగ్గమూ అంగుత్తర నికాయమూ చెబుతాయి. తగిన కాలంలో, ఉన్నదున్నట్లుగా, మృదువుగా, ప్రయోజనం ఉన్న విషయంలో, మైత్రీచిత్తంతో చెప్పాలి. వీటిలో ‘మృదువుగా’ అన్నది పుదుచ్చేరిలో అనుకున్నంత తేలిక కాదు. హైదరాబాదు నుంచి గాని విజయవాడ నుంచి గాని వచ్చినవాడికి తమిళం రాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికే చెందిన యానాం వాసి సైతం ఆ పట్టణంలో భాషకు తడుముకొంటాడు. తెలుగులో ‘అండీ’ చేర్చి, ‘బాబూ’ అని పిలిచి మాటను ఎంత మెత్తబరచవచ్చునో, అరకొర హిందీలో లేదా రెండు ముక్కల ఇంగ్లీషులో అది అంత బండబారుతుంది. మనసులో మైత్రి ఉన్నా నోటి నుంచి వెలువడేది ఆజ్ఞ వలె వినిపిస్తుంది. భాష చాలనపుడు నమస్కారమూ, చిరునవ్వూ, చేతి సంజ్ఞా ఎక్కువ పని చేస్తాయి.

ఇక చెప్పాలా వద్దా అన్న నిర్ణయానికి మజ్ఝిమ నికాయంలోని కింతి సుత్తం చూపే కొలమానం విశిష్టమైనది. చెబితే నాకు ఇబ్బంది కలుగుతుందా, అతడు నొచ్చుకుంటాడా, అతడు కోపిష్ఠియా, అతనిని తప్పు నుంచి మరల్చగలనా అని భిక్షువు ఆలోచించుకోవాలి. ఇద్దరికీ కష్టం లేకుండా మరల్చగలిగితే చెప్పాలి. అతడు నొచ్చుకున్నా, మరల్చగలిగితే చెప్పాలి. తనకు ఇబ్బంది అయినా చెప్పాలి. ఇద్దరికీ కష్టమే అయినా, మరల్చగలనన్న నమ్మకం ఉంటే చెప్పాలి. మరల్చలేనని తేలిన ఒక్క సందర్భంలోనే ఉపేక్ష వహించాలి. యాత్రికుడు సామాన్యంగా తూచుకొనేది తన కోపం ఎంత, ఎదుటివాడు తిరగబడితే అవమానం ఎంత అన్న రెండే. సుత్తం ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకొంటూనే, వాటిని నిర్ణాయకాలుగా ఒప్పుకోలేదు. మద్యం సేవించి ఉన్నవానితో రాత్రివేళ తగవుకు దిగకపోవడం ఈ లెక్కన పిరికితనం కాదు. ఆ గంటలో అతడు మరలడు. అటువంటి చోట పోలీసులకు చెప్పడమే ప్రయోజనమున్న మాట.

ఇంతవరకు తప్పు జరిగిన తర్వాతి సంగతి. చుల్లవగ్గంలోని వత్త ప్రకరణం ఇంకొక అడుగు వెనక్కు వెళ్ళి, తప్పు జరగకముందే ఏం చేయాలో చెబుతుంది. కొత్తగా వచ్చిన కొందరు భిక్షువులు చెప్పులతోనే, గొడుగులు విప్పుకొనే ఆరామంలోకి చొరబడ్డారు. వారిలో ఒకడు ఖాళీగా ఉన్న విహారం గడియ తీసి, తలుపు తోసుకొని లోపలికి పోగా పైనుంచి అతని భుజం మీద పాము పడింది. దీని మీదట ఆగంతుకుడు చెప్పులు విడిచి, గొడుగు దించి, తొందరపడక ప్రవేశించాలనీ, తాగునీరు ఎక్కడ, వాడుక నీరు ఎక్కడ అని అడగాలనీ నియమించారు. వెనువెంటనే ఆవాసికునికీ విధులు ఏర్పడ్డాయి. అతడు ఆసనం వేయాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి, స్థలం సంగతులన్నీ తెలియజెప్పాలి. అతిథి మర్యాద తప్పడంలో ఆతిథేయుడు చెప్పకపోవడం కూడా ఒక భాగమని దీని భావం.

పుదుచ్చేరిలో ఈ భేదాన్ని కళ్ళారా చూడవచ్చు. శ్రీ అరవిందాశ్రమంలో పాదరక్షలు వెలుపలే విడవాలి, ఫోన్లు ఆపాలి, సమాధి వద్ద మాట్లాడరాదు. మూడేళ్ళలోపు పిల్లలను అనుమతించరు. ఈ సంగతులన్నీ లోపల అడుగు పెట్టకముందే సందర్శకునికి తెలుస్తాయి. తీరం వెంట గంట క్రితం గోల చేసినవారే అక్కడ పూలవాసన మధ్య నిశ్శబ్దంగా నిలబడతారు. మనుషులు మారలేదు, ఆవాసికుడు తన విధి చేశాడు. నాలుగు వీథుల అవతల, ఫ్రెంచివారి కాలపు పసుపు గోడల ఇళ్ళ ముందు చెప్పేవాడు ఉండడు. అందమైన గడప కనబడితే దాని మీద కూర్చొని ఫొటో దిగడం తప్పని యాత్రికునికి తోచదు. అది ఒకరు కాపురముంటున్న ఇల్లన్న స్పృహ అతనికి ఆ రంగు గోడ కలిగించదు.

అరికమేడులో వ్యవహారం మరింత బరువైనది. పట్టణానికి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న ఈ స్థలాన్ని 1945లో మార్టిమర్ వీలర్, ఆ తర్వాత కజాల్, 1989 - 1992 మధ్య విమలా బెగ్లీ బృందం తవ్వి పరిశీలించారు. రోము లోకంతో వర్తకానికి ఇక్కడి మృణ్మయ పాత్రల ముక్కలు సాక్ష్యం. బౌద్ధ పాఠకులకు ఈ ప్రాంతం మరొక కారణం చేత ఆసక్తికరం. శుక్రగ్రహ సంక్రమణాన్ని చూడడానికి వచ్చి 1769లో మబ్బుల వల్ల చూడలేకపోయిన ఫ్రెంచి ఖగోళవేత్త లె జెంటిల్, ఈ పరిసరాలలోని మైదానంలో ఒక రాతి విగ్రహాన్ని చూశాడు. అది బుద్ధునిదనీ, ఆ ఆరాధన ఎన్నడో ఆగిపోయిందనీ స్థానికులు చెప్పగా రాసుకున్నాడు.

వాన వెలిసిన తర్వాత అరికమేడు నేలపై చిన్న గాజు పూసలు తేలుతాయి. వాటిని ఏరి జేబులో వేసుకొనే యాత్రికునిలో దురుద్దేశం ఉండదు. సముద్రపు ఒడ్డున గవ్వ ఏరినట్లే ఏరతాడు. కాని స్పీకరు ఆపితే నిశ్శబ్దం తిరిగి వస్తుంది, తరలిపోయిన పూస చెప్పగలిగిన సంగతి తిరిగి రాదు. అది ఏ చోట, వేటి పక్కన దొరికిందన్నదే పురావస్తు పరిశోధకునికి ఆధారం. చోటు పోయిన పూస వట్టి గాజు ముక్క. ఇక్కడ విచిత్రమొకటి కలదు. 1937లో జూవో దుబ్రే అనే ఫ్రెంచి పండితునికి ఈ స్థలపు ప్రాముఖ్యాన్ని తెలిపినవి స్థానిక బాలలు ఏరి తెచ్చిన రాళ్ళూ పూసలే. ఏరడం వల్లనే వెలుగు చూచిన స్థలంలో ఏరవద్దని చెప్పవలసి రావడం చెప్పేవానికి కాస్త వినయాన్ని నేర్పాలి.

ఇటువంటి చోట చూచినవాడు ఊరుకోరాదు. గట్టు మీది గోల వల్ల కలిగేది తన అసౌకర్యం, కాబట్టి దానిని ఓర్చుకొనే స్వేచ్ఛ అతనికి ఉంది. పూస గాని, శిల్పం గాని తన తరఫున తాను మాట్లాడలేదు, దాని పక్షాన ఓర్చుకొనే హక్కు ఎవరికీ లేదు. అయినప్పటికీ గద్దించడం కన్నా విషయం చెప్పడమే, అంటే ఐదింటిలో రెండవదైన ‘ఉన్నదున్నట్లుగా’ అన్నదే, ఎక్కువ పని చేస్తుంది. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి 1958 నాటి చట్టం ప్రకారం, 2010 సవరణ తర్వాత, రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టాన్ని మొదటి మాటగా వాడితే మాత్రం సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. శ్రీలంకలో 2012లో బుద్ధ విగ్రహాన్ని ముద్దాడుతున్నట్లు ఫొటోలు దిగిన ముగ్గురు ఫ్రెంచి యాత్రికులకు న్యాయస్థానం సస్పెండు చేసిన జైలుశిక్ష విధించింది. సంగతి బయటపడింది ఫొటోలు కడిగే దుకాణంలో. విగ్రహం ఎదుట ఎవరైనా వారికి ఒక మాట చెప్పి ఉంటే అంతదూరం పోయేది కాదేమో.

అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ దీనికి భిన్నమైన అనుభవం. 1907 - 08లో అలెగ్జాండర్ రీ తవ్విన ఆ బౌద్ధ క్షేత్రంలో, కనుమ నాడు చుట్టుపక్కల గ్రామాలవారు చేరి, రాక్షసుని పొట్టగా భావించిన ఒక గుండ్రని కట్టడంపై రాళ్ళు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. వారసత్వ కార్యకర్తలూ అధికారులూ పండుగ రోజున అక్కడ నిలబడి నచ్చజెప్పడంతో అది తగ్గుముఖం పట్టింది. అక్కడ రువ్వినవారు పరాయివారు కారు, కొండ వారిదే. అందుకే చెప్పినవారు మరుసటి ఏడూ రావలసి వచ్చింది.

చివరగా, మాట పడేవాని సంగతి. చుల్లవగ్గం చోదన పొందినవానికి రెండే విధులు చెప్పింది: సత్యం, కోపం లేకపోవడం. యాత్రలో ఎవరైనా ఏదో ఒకనాడు ఆ స్థానంలో నిలబడక తప్పదు. అరికమేడులో కావలివాడు వచ్చి జేబు చూపమంటే, అందరూ ఏరుతున్నారు కదా అని వాదించక, పూస ఎక్కడ దొరికిందో ఆ చోటుకు అతనిని తీసుకుపోవాలి. గుర్తులేకపోతే ఆ మాటే చెప్పి పూస అతనికి అప్పగించాలి. తోచినచోట తిరిగి పారవేస్తే, తర్వాత వచ్చే పరిశోధకునికి అది ఒక అబద్ధపు ఆధారమవుతుంది.