సీటు వెనక స్ప్రింగు

ఘర్షణ పాఠం చెబుతున్నప్పుడు తొర్రూరు పిల్లగాడొకడు లేచాడు. గల్ఫ్ నుంచి వచ్చిన మేనమామ విమానంలో బటన్ నొక్కి సీటు వాల్చుతూ తీసిన వీడియో చూపించాడట. "సార్, గంత చిన్న బటన్ గంత పెద్ద మనిషిని ఎట్ల ఆపుతది?"

బటన్ ఆపదు. ఆపుతున్నదాన్ని కాసేపు వదిలిస్తుంది, అంతే.

సీటు కింద ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని మీద బిగుతుగా చుట్టిన స్ప్రింగు, స్ప్రింగు లోపలి వ్యాసం కడ్డీ కంటే వెంట్రుకవాసి తక్కువ. మనం వెనక్కి ఒరిగితే కడ్డీ జారబోతుంది, ఘర్షణ వల్ల స్ప్రింగునూ వెంట లాగుతుంది. స్ప్రింగు వెళ్లి ఏటవాలుగా కోసిన గోడకు తగులుతుంది. దాంతో చుట్లు వాలి, కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. తాటిచెట్టు మీద గీత కార్మికుడి మోకు చేసే పనీ ఇదే: ఆయన వెనక్కి వాలినకొద్దీ మోకు బిగుస్తుంది, చెట్టు దగ్గరికి జరిగితే వదులవుతుంది. బటన్ నొక్కితే కేబుల్ స్ప్రింగు కొసను విప్పే దిశలో తిప్పుతుంది. చుట్లు కాస్త వెడల్పవుతాయి, కడ్డీ జారుతుంది.

ఈ పట్టు ఎందుకంత గట్టిగా ఉండాలో లెక్క వేద్దాం. సీటు వీపు వాలే కీలుకు కడ్డీ 10 సెం.మీ. దూరంలో, తల దానికి 60 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. తలతో 10 కిలోల బరువు మోపితే కడ్డీ మీద 60 కిలోలు పడుతుంది. కడ్డీ 2 సెం.మీ. జరిగితే తల దగ్గర సీటు 12 సెం.మీ. వెళుతుంది, 20 సెం.మీ. ఎత్తున మాత్రం 4 సెం.మీ. అంటే వెనకవాళ్ల మోకాళ్ల కంటే లాప్‌టాప్‌కూ ముఖానికీ ఎక్కువ చోటు పోతుంది.

అమెరికాలో పి.ఎల్. పోర్టర్ సంస్థ ఈ స్ప్రింగు తాళాన్ని 'మెక్‌లాక్' పేరుతో అమ్మింది. దాని 'హైడ్రోలాక్' పద్ధతి వేరు. అందులో పిస్టన్ నూనెలో కదులుతుంది, బటన్ వాల్వు తెరుస్తుంది. సన్నని రంధ్రంలోంచి నూనె పోవాలి కాబట్టి ఎంత దూకుడుగా వాలినా సీటు నిదానంగానే దిగుతుంది. కానీ సీలు అరిగితే నూనె కారుతుంది. స్ప్రింగుకు ఆ బెడద లేదు. అయితే వేగం తగ్గించే డ్యాంపర్ విడిగా పెట్టకపోతే స్ప్రింగు తొందరను ఆపదు. వెనకవాళ్ల కాఫీ ఒలికేది అందుకే.

ఆ తర్వాత సీటు వాల్చడం మీద తగవుల కథ గబగబా జరిగింది. 2003లో ఐరా గోల్డ్‌మన్ ముందు సీటు వాలకుండా ట్రే చేతులకు తగిలించే రెండు ప్లాస్టిక్ ముక్కలు తెచ్చాడు, పేరు 'నీ డిఫెండర్' (నీ అంటే ఇంగ్లిషులో మోకాలు). 2014లో న్యూవార్క్ నుంచి డెన్వర్ వెళ్లే విమానంలో దాని మీద గొడవ ముదిరి, ఒకరు మరొకరి మీద నీళ్లు చల్లడం, విమానం షికాగోలో దిగడం జరిగాయి. 2019లో డెల్టా కొన్ని ఎ320 విమానాల్లో వాలును 4 అంగుళాల నుంచి 2కు తగ్గించింది. కొన్ని చవక సంస్థలు వాలని సీట్లే పెట్టాయి.

ముక్క పెట్టి అడ్డుకోవడం కన్నా యంత్రం తీరు తెలిస్తే మర్యాద సులువు. భోజనం ట్రే తీసేవరకు ఆగండి. వెనక్కి ఒకసారి చూడండి. బటన్ నొక్కి, బరువు కొద్దికొద్దిగా మోపండి. నూనె లేని సీటులో ఆ నిదానం కూర్చున్నవాళ్లే చూపాలి.