పాత కారుకు కొత్త బ్రేకులు

పదో తరగతి పరీక్షలు అయిపోయి, ట్రంకుపెట్టె మోసుకుని హాస్టల్ నుండి ఇల్లు చేరిన వారానికే మా అత్తకు ఒంట్లో బాగాలేక చిత్తూరు ఆసుపత్రికి బయల్దేరాం. బండి మా మామది, 1984 మోడల్ అంబాసిడర్. మొగిలి ఘాట్ సగం దిగేసరికి మామ పెడల్‌ను ఎంత గట్టిగా తొక్కినా కారు ఆగడం లేదు. లోపలికి కాలిన వాసన. "గట్టిగా పట్టుకోండిరా" అని మామ గేరును మూడు నుండి రెండుకు, రెండు నుండి ఒకటికి లాగి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా ఎత్తుతూ, రోడ్డు పక్క మట్టిలోకి దించి ఆపాడు. అరగంట చెట్టు కింద కూర్చున్నాం. తర్వాత చూస్తే బ్రేకులు మామూలుగా పట్టాయి!

ఆ అరగంటలో ఏం జరిగిందో అప్పుడు మాకు తెలియదు. మా ఇంట్లో పట్టా అందుకున్న మొదటి తరం మాది. ఫిజిక్సులో పీజీ చదువుతూ ఆ లెక్క మళ్ళీ వేసుకున్నాం. తమ్ముళ్ళకు కూడా పనికొస్తుందని రాస్తున్నాం.

కారు, మనుషులు, సామాను కలిపి 1,500 కిలోలు అనుకుందాం. ఘాట్‌లో 300 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 44 లక్షల జౌళ్ళు. అంత వేడితో 13 లీటర్ల నీళ్ళు, అంటే దాదాపు ఒక బిందె, మరిగే దాకా కాగుతాయి. (డిసెంబరు చలిలో హాస్టల్లో బిందెడు వేడినీళ్ళ కోసం మనం ఎంత కొట్లాడుకున్నామో గుర్తుందా!) ఇందులో కొంత గాలికి, కొంత ఇంజనుకు పోతుంది. న్యూట్రల్‌లో వదిలి దిగితే ఇంజను వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది.

డ్రమ్ము బ్రేకులో ఈ వేడి మూతపెట్టిన గిన్నెలో లాగా లోపలే ఉండిపోతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూల నుండి దూరం జరుగుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది. చల్లబడ్డాక మళ్ళీ పట్టుకుంటుంది. మేము చెట్టు కింద కూర్చున్న అరగంట రహస్యం అదే. డిస్కు అలా కాదు. ఇనుప పళ్ళెం బయటికే ఉండి గాలి తగులుతూ తిరుగుతుంది, క్యాలిపర్‌లోని ప్యాడ్లు రెండు వైపుల నుండి దాన్ని నొక్కుతాయి. వాన నీళ్ళను కూడా విసిరేస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లాండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులో జరిగిన లమాన్స్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక లోకం దృష్టి దీని మీద పడింది. మన అంబాసిడర్‌కు మాత్రం చాలా ఏళ్ళు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. చివరి కాలపు మోడళ్ళకు ముందు డిస్కులు వచ్చాయి. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయింది.

మేము ఇంటర్‌లో ఉండగా మామ అలాంటి చివరి కాలపు బండి ముందు భాగాలు పాత సామాన్ల అంగడిలో కొని తెచ్చాడు. డిస్కు, క్యాలిపర్ బిగిస్తే పని అయిపోతుందని అందరం అనుకున్నాం. అక్కడే తెలిసింది అసలు సంగతి. డ్రమ్ము తిరుగుతూ షూను తానే లోపలికి లాక్కుంటుంది కాబట్టి తక్కువ బలం చాలు. డిస్కుకు ఆ సాయం లేదు, అందుకే బూస్టర్ కావాలి. క్యాలిపర్ పిస్టన్ పెద్దది కనుక ఎక్కువ ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ కూడా కావాలి. డ్రమ్ముల లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డిస్కు లైనులో అలాగే ఉండిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. పాత బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకే లైను, ఒక్కచోట కారినా మొత్తం పోతుంది. ఎలాగూ మారుస్తున్నాం గనుక ముందుకు, వెనక్కు వేరువేరు లైన్లుండే మాస్టర్ సిలిండర్ వేయించడం మంచిది. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది, కాబట్టి ముందుగా ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. ఇన్సూరెన్సు వాళ్ళకు కూడా చెప్పాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఎలాగూ తప్పదు.

డిస్కులు పడ్డాక మామకు ధీమా పెరిగింది. మేము డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా అదే ఘాట్‌లో మళ్ళీ పెడల్ దిగిపోయింది. ఈసారి కాలిన వాసన కూడా లేదు. పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి వెళ్ళిపోయింది. మళ్ళీ గేరే కాపాడింది. డిస్కు బాగానే ఉంది. తప్పు ఆయిల్‌ది, అంటే మాది. బిగించినప్పుడు పోసిన బ్రేక్ ఆయిల్‌ను ఎవరం మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని పాస్కల్ సూత్రం చదివాం కదా, బుడగ ఉంటే ఆ ఒత్తిడే తగినంతగా పెరగదు. పెడల్ కదలిక అంతా బుడగ కుంచించుకుపోవడానికే సరిపోతుంది.

అందుకే రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్, కిరోసిన్ చుక్క తగిలినా లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. ఎయిర్ తీసేటప్పుడు మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, మన బండ్లలో వెనుక ఎడమ చక్రంతో, మొదలుపెట్టాలి. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకూడదు. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. డిస్కు ఎంతవరకు అరగవచ్చో చాలావాటి మీదే చెక్కి ఉంటుంది. బండి ఒకవైపుకు లాగితే క్యాలిపర్ పిస్టన్ గానీ, అది జరిగే పిన్ను గానీ బిగుసుకుందేమో చూడాలి. వాడకుండా నిలబెట్టిన పాత బండ్లలో ఇదే ఎక్కువ. బైకుల డిస్కు బ్రేకుకు కూడా ఈ ఆయిల్ సంగతే వర్తిస్తుంది.

సెలవుల్లో మెకానిక్ షెడ్డుల్లో పనిచేసే తమ్ముళ్ళకు ఒక మాట. డ్రమ్ము విప్పగానే దుమ్మును నోటితో ఊదడం మాకూ అలవాటే. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఊదకండి, గాలి పైపు కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. మేస్త్రి తిట్టినా సరే.

మొన్న సంక్రాంతికి మామ బండికి మేమే ఆయిల్ మార్చాం. పాతది డికాషన్ రంగులో దిగింది. బానెట్ లోపల పెయింటుతో తేదీ రాసిపెట్టాం. మామ మాత్రం ఇప్పటికీ ఘాట్ దిగేది రెండో గేరులోనే.