స్ట్రెచర్ ఒక్కటే... బాధితులు అయిదుగురు!

కూలీల ఆటో బోల్తా పడింది. కుయ్ కుయ్‌మంటూ 108 వచ్చింది. ముందు ఎవరిని ఎక్కించాలి? గట్టిగా ఏడుస్తున్నవాళ్లనే అంటాం మనం. టెక్నీషియన్ కళ్లు మాత్రం అరవలేక పడి ఉన్న మనిషిని వెతుకుతాయి! ఊపిరి, నాడి, స్పృహ చూసి... ప్రాణాపాయంలో ఉంటే ఎరుపు, కాస్త ఆగగలిగితే పసుపు, నడవగలిగితే ఆకుపచ్చ. ఈ వర్గీకరణే 'ట్రయాజ్'. హోదాను కాదు, గాయాన్ని చూడాలన్నది నెపోలియన్ సైన్యంలోని వైద్యుడు లారీ పెట్టిన నియమం.

ఎరుపు స్ట్రెచర్ మీదికి, చెయ్యి విరిగినవాళ్లు పక్కనున్న బల్ల మీదికి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో డ్రైవర్‌ని 'పైలట్' అంటారు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే వెనకాల టెక్నీషియన్ ఒక్కరే. ఒకరికి ఆక్సిజన్ పెడుతూ, ఇంకొకరి రక్తం ఆపుతూ, మూడోవారిని మాటల్లో పెట్టాలి. అంతకన్నా కష్టం... 'మీకు ఇంకో బండి వస్తోందమ్మా' అని చెప్పి తలుపు వేయడం!