మల్లమ్మ కొండమీద మా పరుగు

సీతమ్మ రామునివెంట నడవికి నడచినది. దమయంతి కాఱడవిలో నొంటిగా నడచినది. సావిత్రి యమధర్మరాజును వెన్నంటి నడచి పతిప్రాణములను మరలించుకొన్నది. ఈ కథలను మన మందఱమును చిన్ననాట పెద్దలయొద్ద వినియున్నాము. మన బిడ్డలకును చెప్పుచున్నాము. పురాణస్త్రీలకు నడక తగినదైనప్పుడు నేటి యిల్లాలు వేకువను వీథిలో వడిగా నడచిన తప్పేమి? నాలుగడుగులు పరుగెత్తిన తప్పేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుచునే మేము పరుగు నేర్చుకొన్నాము. మా యనుభవము సోదరీమణులకు కొంత యుపకరించునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున హార్సిలీ కొండలు కలవు. సముద్రమట్టమునకు సుమారు 1265 మీటర్ల యెత్తున నుండుటచే, దిగువ నూళ్లు ఎండకు మాడుచున్నప్పుడును పైని గాలి చల్లగా వీచుచుండును. వీని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ యను బాలిక యిచ్చటి చెంచుల రోగములను మాన్పుచుండి, ఒకనాడు ఎవరికిని కనబడకుండ పోయెనని స్థలపురాణము. ఆమె గుడి నేటికిని కొండమీద నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర యిచ్చట బంగళా కట్టించుకొనుటచే నాతని పేరు నిలిచినది. పటములలో దొర పేరున్నను, మా యత్తగార్ల తరమువారు మల్లమ్మ కొండ యనియే యందురు.

ఈ కొండ దిగువనున్న యొక యూరిలో మేము నలుగురము కాపురమున్నాము. ఒకతె బడిపంతులుగారి భార్య. ఈ వ్యాసము వ్రాయు చేయి యామెదే. ఒకతె నర్సు. ఒకతె ఇంటివద్ద కుట్టుపని చేసికొనునది. నాల్గవయామె కిరాణాకొట్టువారి కోడలు. మూడేండ్ల క్రిందట ఒకనాడు నర్సు మా నెత్తురులోని చక్కెరను పరీక్షించినది. పరగడుపున 100 లోపల నుండవలసిన యంకె పంతులుగారి భార్యకు 112 ఉండెను. ఆమె తల్లికి చక్కెరవ్యాధిచేత కాలివ్రేలు తీసివేయవలసి వచ్చినది. ఆ యంకెను చూచినంతనే ఆమెకు తల్లి పాదము కన్నులయెదుట నిలిచినది. “అక్కా, ఇది యింకను రోగము కాదు, రోగము గుమ్మములోనికి వచ్చి నిలిచినది. నడచిన మరలిపోవచ్చును” అని నర్సు చెప్పినది. పనిచేయు కండరములు నెత్తురులోని చక్కెరను తమంతట తాము లాగుకొనును; కనుకనే నడక యీ వ్యాధికి మందువంటి దగుచున్నది. “ఇంటిపని చాలదా?” యని మేమడిగితిమి. ఇంటిపని మంచిదే కాని, గుండె వేగముగా కొట్టుకొనునట్లు ఎడతెగక అరగంట సాగు పని వంటింట అరుదు.

మొదటి దినములలో మేము నడచుటకే సిగ్గుపడితిమి. “ఏమమ్మా, ఎవరైన తఱుముచున్నారా?” యని పాలు పోయించుకొను ముసలమ్మలు నవ్విరి. ఆ నవ్వు మాకు బాధ కలిగింపలేదు. ఒక వేకువను మాత్ర మొక మోటారుసైకిలు మా వెనుక నెమ్మదిగా వచ్చుచు, దానిపైనున్న యువకుడు వినరాని మాటలాడినాడు. మేమింటికి వచ్చి చాలసేపు మాటలాడక కూర్చుంటిమి. మానివేయుదమని ఇద్దఱమంటిమి. తుదకు కుట్టుపని చేయునామె “దారి వాని తాతది కాదుగదా” యని లేచినది. నాటినుండి నలుగురము కలసియే పోవుటయు, వెలుగు వచ్చినపిదపనే బయలుదేఱుటయు, ఏ దారిని పోవుచున్నామో యింట చెప్పి పోవుటయు నియమముగా పెట్టుకొంటిమి. పంతులుగారు రెండు వారములు మా వెనుక దూరముగా సైకిలుపై వచ్చిరి. తరువాత నక్కఱ లేకపోయెను.

వారమున నాలుగు దినములు ఊరి చుట్టుబాటను, ఆదివారములందు కొండమీదను పోవుట మా వాడుక. కొండకు రాగోరు సోదరీమణుల కుపయోగించునని అచ్చటి దారులను గూర్చి కొంచెము చెప్పెదము.

మొదటిది కొండపైని చదునైన దారి. నీలగిరి చెట్లు, తురాయిచెట్లు, జకరండా చెట్ల నడుమ బసలమీదుగా గాలిబండవైపు పోవును. క్రొత్తవారికి ఇదియే తగినది. గాలిబండ పేరునకు తగినట్లే యుండును. అచ్చట గాలి కొంగును నిలువనీయదు. బండ వాలుగా నుండుటచే దానిపై పరుగెత్తరాదు; కూర్చుండి యూపిరి తీసికొనుటకు మాత్రము దానివంటి చోటు లేదు. రెండవది మెలికలు తిరుగు ఘాట్ రోడ్డు. పైనుండి రెండు మలుపులు దిగి, మరల నెక్కుట చాలును. ఎక్కునప్పుడు అడుగులు చిన్నవిగా వేయవలెను. చూపు పాదములకు కొంచెము ముందుండవలెను. దిగుట సులభమని తోచును గాని, కండరములకు దిగుటయే కష్టము. బరువు నాపుచు సాగుటచే తొడలు మఱునాడును ఆ మఱునాడును నొప్పి పెట్టును. కావున దిగునప్పుడు వేగము తగ్గింపవలెను. ఎదురుగ వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కను పోవలెను. మంచు క్రమ్మిన దినమున నీ దారి వద్దే వద్దు. మూడవది అడవిలోని కాలిబాటలు. ఇవి నడకకే గాని పరుగునకు కావు. రాలిన యాకులు జాఱును. వాని క్రింద వేళ్లు కనబడవు. పాములును, ఎలుగులును తిరుగు చోటు. త్రోవ నెఱిగినవారు లేక, అటవీశాఖవారి యనుమతి లేక వానిలో నడుగిడరాదు.

ఇక పరుగు నేర్చుకొను విధము. తొలినాడే పరుగెత్తిన పడకయే శరణ్యము. మొదటి నెల నడక మాత్రమే. పిమ్మట ఒక నిమిషము నెమ్మది పరుగు, రెండు నిమిషములు నడక. ఇట్లు ఎనిమిది మారులు. వారము వారము పరుగును కొంచెము పెంచి, నడకను కొంచెము తగ్గింపవలెను. పరుగెత్తుచు ప్రక్కనున్నయామెతో మాటలాడగలిగిన వేగము సరియైనది. మాట తెగిపోయిన వేగ మెక్కువైనట్లు. మేము దీనికై వంటలను గూర్చి మాటలాడుకొందుము. పులుసు పోపు పెట్టువఱకు చెప్పలేక రొప్పినయామె నడకకు దిగవలెను. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఓ మోస్తరు శ్రమగాని, 75 నిమిషములు తీవ్రశ్రమగాని చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రోజుకు ఇరువది రెండు నిమిషములైన మొదటి లెక్క తీఱును.

మనుచరిత్రలోని ప్రవరునకు సిద్ధుడు పాదలేపము నిచ్చెను. హిమాలయమున నది కరగి యాతడు చిక్కులపాలయ్యెను. మనకు కరగని మంచి జోళ్లు చాలును. ముందు వ్రేళ్లకు కొంత చోటుండునట్లు, సాయంకాలము పాదము కొంచెము ఉబ్బియున్న వేళ కొనవలెను. చీర కుచ్చెళ్లు కాలికి చుట్టుకొనును. సల్వారు కమీజు మేలు. రొమ్ములకు గట్టి యాధారమిచ్చు లోరవిక తప్పనిసరి. బహిష్టు దినములలో ఓపిక యున్న పరుగెత్తుటకు దోషము లేదు. కాన్పు తరువాత వైద్యురాలి నడుగక పరుగు మొదలిడరాదు. పరుగులో మూత్రము జాఱుచున్నచో సిగ్గుపడి దాచుకొనవద్దు. దానికి చికిత్స కలదు. ఎదలో నొప్పిగాని కన్నులు తిరుగుటగాని కలిగిన వెంటనే ఆగి వైద్యునకు చూపించుకొనవలెను.

అన్నిటికంటె ముందు నెత్తురు పరీక్ష చేయించుకొనుడు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. అందఱకు వడ్డించి మిగిలినది తిను నలవాటుతో పరుగు పొసగదు. ఆకుకూర, పప్పు, వేరుసెనగ, నిమ్మపండు మన వంటింట నున్నవే. మన విస్తరిలోనికి రావలసియున్నవి.

స్త్రీ పరుగెత్తలేదను మాట మన యూరిలోనే పుట్టలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టిరి. స్త్రీలు సొమ్మసిల్లి పడిపోయిరని పత్రికలు గోలచేయగా దానిని తీసివేసిరి. మరల 1960 వఱకు నా పందెము లేదు. స్త్రీల మారథాన్ 1984లో గాని ఒలింపిక్సులో చేరలేదు. ఆ 1984లోనే మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్సులో సెకనులో నూఱవవంతు తేడాతో పతకమును పోగొట్టుకొని నాల్గవదిగా నిలిచినది. మన తెలుగు బిడ్డలను చూడుడు. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్పులో 100 మీటర్ల హర్డిల్సు స్వర్ణమును గెలిచినది. వరంగల్లు ప్రాంతమున కల్లెడ గ్రామములో పుట్టిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున కాంస్యము తెచ్చినది. ఆ పతకములు మనకక్కఱలేదు. వారు పరుగెత్తిన నేలపై మనము నడువగలిగిన చాలును.

ఆఱునెలలలో పంతులుగారి భార్య పరగడుపు చక్కెర 96కు దిగినది. కుట్టుపని చేయునామె నడుమునొప్పి తగ్గినది. ఈ సంతోషముతో వ్యాసమును ముగింపవచ్చును గాని, అది నిజమును దాచుట యగును.

ఇప్పుడు మేము ముగ్గురమే. కిరాణాకొట్టువారి కోడలు మాలో నెల్ల వేగముగా పరుగెత్తునది. గాలిబండకు ముందుగ చేరి మాకై నవ్వుచు నిలుచునది. ఎవరో కొట్టువద్ద “మీ కోడలు కొండమీద పరుగులు తీయుచున్నదట” యని యెగతాళి చేసిరి. ఆమె యత్తగారు “పదిమంది నోట పడిన కోడలు మా కక్కఱలేదు” అనిరి. నాటినుండి ఆమె రాలేదు. అత్తగారు దుష్టురాలు కారు. కోడలికి జ్వరము వచ్చినప్పుడు రాత్రి యెల్ల తల పట్టిన తల్లి. ఆమెకు భయము లోకమువలన. మేమొకసారి పోయి మాటలాడితిమి. కాఫీ యిచ్చి, మాట మార్చిరి. మరల పోవుదుము.

ఈ పత్రిక చదువువారిలో అత్తగార్లును గలరు. అమ్మా, మిమ్ముల నొక్కటి వేడుకొనుచున్నాము. లోకము నవ్వునని కోడలి నాపకుడు. మీరును వెంట రండు. మీ మోకాళ్లకు తగినంత మెల్లగా మేమును నడచెదము. అత్తగారు ప్రక్కన నడచుచుండగా నవ్వగల లోకమెక్కడిది? అడవికొండపై నొంటిగా తిరిగిన యాడుబిడ్డకు గుడి కట్టి మ్రొక్కుచున్న యూరు మనది.

ఆమె జోళ్లు మా యరుగుమీద బల్లక్రిందనే యున్నవి. ఇంట నుంచుకొనుటకు వెఱచి ఇచ్చట దాచినది. ఆదివారమునాడు బయలుదేఱునప్పుడు వానిపై దుమ్ము తుడిచి పోవుచున్నాము.