ఒక్క చుక్క గీసిన బొమ్మ

సుబేదారిలో ఒక టీవీ రిపేరు షాపు. బల్ల మీద పాత డబ్బా టీవీ వెనక మూత ఊడదీసి ఉంది. మెకానిక్ ఒక వైరు కొసను స్క్రూడ్రైవరుకు చుట్టి, రెండో కొసను టీవీ లోపలి ఎర్తుకు తగిలించాడు. పిక్చర్ ట్యూబు మీదున్న రబ్బరు క్యాపు కిందికి ఆ స్క్రూడ్రైవరు మెల్లగా దూర్చాడు. టప్పుమని చిన్న మెరుపు. "ప్లగ్గు పీకి చాన సేపైందన్నా. అయినా ఇండ్ల కరెంటు ఉంటది" అన్నాడు.

ఆ కరెంటు ఎందుకో తెలిస్తే ఆ డబ్బా అంతా అర్థమవుతుంది.

పిక్చర్ ట్యూబు అంటే గాలి తీసేసిన పెద్ద గాజు బుడ్డి. దాని సన్నటి మెడలో చిన్న హీటరు ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. కలర్ టీవీలో దాదాపు 25,000 వోల్టులు వాటిని తెర వైపు లాగుతాయి. మెకానిక్ ఎర్తు చేసింది ఆ వోల్టేజీనే. తెర లోపలివైపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తగిలిన చోట అది వెలుగుతుంది. అయితే అలా వెలిగేది ఒక్క చుక్కే. మరి బొమ్మ ఎలా వచ్చింది?

ట్యూబు మెడ చుట్టూ రాగి తీగ చుట్టలుంటాయి. దాన్ని యోక్ అంటారు. దాని అయస్కాంత శక్తి ఎలక్ట్రాన్ల ధారను వంచి, ఎడమ నుంచి కుడికి ఒక గీత గీయిస్తుంది. మళ్లీ ఎడమకు తెచ్చి ఇంకో గీత. మన పాత దూరదర్శన్ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు గీయడంతో తెర సెకనుకు 50 సార్లు నిండుతుంది. మన కన్ను ఆ వేగాన్ని పట్టుకోలేక అన్నిటినీ కలిపి ఒకే బొమ్మగా చూస్తుంది. కెమెరా అలా కలపదు. ఆ తెరను కెమెరాతో తీస్తే నల్లటి పట్టీలు కనిపించేది అందుకే. కంప్యూటరు మానిటర్‌ను దగ్గరగా కూర్చొని చూస్తాం, అక్షరాలు అదిరితే కళ్లు లాగుతాయి. అందుకే దాని తెరను సెకనుకు 60 సార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు, ఒక్క గీతా వదలకుండా గీసేవారు.

1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైన నాటికి మనవి బ్లాక్ అండ్ వైట్ టీవీలే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ అలాంటిదే. 1982లో కలర్ వచ్చింది. కలర్ ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కోసం మూడు ధారలు ఉంటాయి. తెర వెనక జల్లెడ లాంటి పలుచని రేకు ఒక్కో ధారను దాని రంగు మీదే పడనిస్తుంది. తెర మీద నీటి బొట్టు పడితే ఆ మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. స్పీకరు అయస్కాంతం దగ్గర పెడితే ధారలు దారి తప్పి రంగులు కలగాపులగమవుతాయి.

ధార అంచు దాకా వంగాలంటే దూరం కావాలి. అందుకే టీవీ వెనక అంత పొడవు. లోపల గాలి లేదు కాబట్టి 21 అంగుళాల తెర మీద బయటి గాలి టన్నుకు పైగా బరువుతో నొక్కుతుంది. అందుకే అంత మందం గాజు. ఎలక్ట్రాన్లు గుద్దుకున్న చోట పుట్టే ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా ట్యూబు గాజులో సీసం కలిపారు.

అందుకే రాగి కోసం ఆ ట్యూబును పగలగొట్టకండి. గాజు పెంకులు ఎగిరి పడతాయి, సీసం మట్టిలో కలుస్తుంది. పగలకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. అన్నేళ్లు మన పిల్లల కళ్ల ముందు అడ్డుగోడగా నిలిచిన గాజు అది.