కూలర్ చల్లగా ఉంటే చాలదు, శుభ్రంగా ఉండాలి



మార్చి రాగానే మన అనంతపురంలో మూలనున్న కూలర్లు కిటికీ దగ్గరకు చేరతాయి. మన గాలిలో తేమ తక్కువ. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాగుకుంటుంది కనుక ఇలాంటి పొడి ప్రాంతంలో కూలర్ బాగా పనిచేస్తుంది. కరెంటు ఖర్చు కూడా తక్కువే. కనుక కూలర్ వద్దని మేము చెప్పము. దానిని ఎలా వాడాలో మాత్రం చెప్తాము.

ఒక వేసవిలో కళ్యాణదుర్గం వైపు నుండి ఒక తల్లి తన ఏడేళ్ల బాబును మూడుసార్లు ఓ.పి.కి తీసుకొచ్చింది. పగలు బాగానే ఆడుకుంటాడు, రాత్రి పడుకోగానే దగ్గు, పిల్లికూతలు. మందులతో తగ్గినా మళ్లీ వస్తుంది. మూడోసారి మా సిస్టర్ ఒకరు "బాబు ఎక్కడ పడుకుంటాడమ్మా?" అని అడిగారు.

"కూలర్ ముందరే సిస్టర్. వాడు ఉడుకు తట్టుకోలేడు."

"దాంట్లో నీళ్లు ఎప్పుడు మార్చినారు?"

"మార్చేదెందుకు సిస్టర్? తగ్గినప్పుడు పోస్తాంటాము. ట్యాంకరు నీళ్లు, పారబోసేదానికి మనసు రాదు."

ఇంటికి వెళ్లి తెరిచి చూస్తే గడ్డి నల్లబడి ఉంది, తొట్టిలో పాచి జారుతోంది. గడ్డి మార్చారు, మంచం పక్కకు జరిపారు, డాక్టరుగారు చెప్పిన ఇన్‌హేలర్ కొనసాగించారు. రాత్రి దగ్గు బాగా తగ్గింది. ఆ తల్లికి చెప్పి పంపిన తర్వాత మేము మా వార్డులోని కూలర్ తెరిచి చూశాము. అందులోనూ పాచే! సిగ్గుపడ్డాము. అప్పటినుండి దాని పక్కన ఒక నోటుబుక్కు వేలాడుతోంది. శుక్రవారం శుక్రవారం కడిగినవారు అందులో సంతకం చేయాలి.

బూజు ఎందుకు పడుతుంది?

తడి, దుమ్ము, నిలువ నీరు ఈ మూడూ కలిస్తే బూజు పడుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు మిగిలిపోయి తెల్లగా పేరుకుంటుంది. దుమ్ము, పాచి దానిని పట్టుకుంటాయి. ఫ్యాను తిరిగినప్పుడు బూజు రేణువులు గాలితో వచ్చి ఆస్తమా ఉన్నవారిని, చిన్నపిల్లలను, వృద్ధులను బాధపెడతాయి. డెంగ్యూ దోమ కూడా ఇలాంటి నీటిలోనే పెరుగుతుంది. దాని గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బ్రతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు రుద్దాలి.

వారానికి ఒకసారి

1. ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు పూర్తిగా పీకండి. ఇనుప కూలర్ వల్ల షాకు కొట్టి ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. కూలర్ నడుస్తున్నప్పుడు నీళ్లు పోయకండి. ఎర్తింగ్ సరిగా ఉందో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

2. నీళ్లన్నీ తీసేయండి. వృథా అని బాధపడవద్దు. మరుగుదొడ్డిలో పోయవచ్చు, పెరట్లో వేపచెట్టుకు పోయవచ్చు. తాగడానికి, పశువులకు మాత్రం వద్దు.

3. ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బు నీళ్లతో తొట్టిని, మూలలను, పంపు జల్లెడను బ్రష్షుతో రుద్దండి. తెల్లని ఉప్పు పొరకు నిమ్మరసం లేదా వెనిగర్ రాసి, అరగంట తర్వాత బాగా కడిగేయండి.

4. బూజు పట్టి ఉంటే 10 లీటర్ల నీటిలో 3 పెద్ద చెంచాల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటితో తొట్టిని తుడవండి. పది నిమిషాల తర్వాత రెండుసార్లు కడిగి ఎండనివ్వండి. చేతులకు గ్లౌజులు, తలుపులు తెరిచి ఉండడం తప్పనిసరి.

హెచ్చరిక: బ్లీచింగ్‌ను నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎన్నడూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది.

రోజూ గుర్తుంచుకోవలసినవి

కూలర్ ఆపే ముందు పంపు ఆపి, పావుగంట ఫ్యాను మాత్రమే నడపండి. గడ్డి ఆరిపోతుంది. ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి. మూసిన గదిలో తేమ నిలిచి గోడలకు కూడా బూజు పడుతుంది. నల్లబడిన గడ్డిని ఉతికి వాడకండి, మార్చేయండి. ప్రతి వేసవికి కొత్త గడ్డి వేయడం మంచిది. వానలు మొదలై కూలర్ పక్కన పెట్టేటప్పుడు పూర్తిగా ఎండబెట్టిన తర్వాతే మూత కట్టండి.

ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలను, వెనుకనున్న నీటి పళ్లెంను కూడా మరువవద్దు. ఏ.సి. ఉన్నవారు జాలీని రెండు వారాలకోసారి కడిగి ఆరబెట్టాలి. కూలర్ లేని ఇంట్లో మట్టికుండ ఉంటుంది. దానిని రోజూ ఖాళీ చేసి, సబ్బు లేకుండా కొబ్బరి పీచుతో రుద్ది నీళ్లు పట్టండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

రాత్రి దగ్గు, పిల్లికూతలు, ప్రతి ఉదయం తుమ్ములు వారం దాటితే రండి. ఊపిరి ఆడకపోయినా, జ్వరంతో ఆయాసం వచ్చినా ఆ రోజే రండి. ఆస్తమా మందులను మీ అంతట మీరు ఆపవద్దు. వచ్చినప్పుడు మీ ఇంట్లో కూలర్ ఉందో లేదో, ఎప్పుడు కడిగారో మా సిస్టర్లకు తప్పక చెప్పండి. మేము అడగడం మరిచినా మీరు చెప్పండి.

ఈ శుక్రవారం మీ కూలర్ ఒకసారి తెరిచి చూస్తారు కదూ!

— నర్సింగ్ సూపరింటెండెంట్