రాత్రి రోడ్డుపై సైకిలు, డ్రైవరు బాధ్యత

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారిపైనా, రాయగడను కొరాపుట్‌తో కలిపే 326వ నంబరు రహదారిపైనా లారీలు, బస్సులు తిరిగే దారిలోనే పల్లెవాసుల సైకిళ్ళూ సాగుతుంటాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది కనుక, డ్రైవరు సైకిలును గమనించి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకన్లు పట్టినా 25 మీటర్లు దాటిపోతాయి. బండి ఆగడానికి పట్టే దూరం దీనికి అదనం. సైకిలు వెనుక ఉండే ఎర్ర రిఫ్లెక్టరు, అంటే తనపై పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే బిళ్ళ, చీకట్లో దూరం నుంచే మెరుస్తుంది; పెడళ్ళకున్న పసుపు బిళ్ళలు పైకీ కిందికీ కదులుతూ, అక్కడ తొక్కుతున్నది మనిషని తెలియజేస్తాయి. అయితే ఘాట్ మలుపులో హెడ్‌లైటు వెలుగు నేరుగా పోతుందే తప్ప రోడ్డుతోపాటు తిరగదు కనుక, మలుపు అవతల ఉన్న సైకిలును ఏ బిళ్ళా కాపాడలేదు. అక్కడ వేగం తగ్గించడం పూర్తిగా డ్రైవరు విధి.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షను ప్రకారం, ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యసాయం అందేలా చూడవలసినవాడూ డ్రైవరే. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు పరిహారంగా లభిస్తాయి. బాధితులు ఈ హక్కును వదులుకోకూడదు.